పదహారు మీద పెట్టినా

రిమోట్‌ల పదహారు అని ఉంటది.
అల్మారి మీది గడియారం ముప్పై మూడు అని చూపెడ్తది.
రెండిట్ల ఏది అబద్ధమో
మా ఇంటాయన మెత్త మీది తడి చెప్తది.

రాత్రి పాళి చేసి వచ్చి
పొద్దున ఎనిమిదికి ఒరిగిండు.
గనిల వంద టన్నుల డంపర్ ఆయనది.
పగటిపూట నాలుగు గంటలన్న కన్ను అంటకపోతే
రాత్రి ఆ లోతుల, ఆ మట్టి బాట మలుపుల కాడ
అంటుకుంటది, ఒక్క చిటికె సేపు.
నేను అడిగేది చల్లదనం కాదు,
ఆ చిటికె రావొద్దని.

మేము రోహిణి అంటం,
పక్క క్వార్టర్ వైశాలీ తాయి నవతపా అంటది.
ఈ రాజురాల ఎండకు
రెండు భాషలూ వచ్చు.

మిషన్ మాత్రం ఆగదు.
పొద్దున వేస్తే దీపాల యాళ్ళ దాకా ఒకటే రొద.
మీటరు, కల్లంల ఎద్దు లెక్క, తిరుగుతనే ఉంటది.
జాలీలు విప్పి కడిగిన.
తలుపు కింద పాత చద్దరు కుక్కిన.
కిటికీ అద్దానికి పేపర్లు అంటువెట్టిన.
ఫ్రిజ్ వెనక చెయ్యి పెడితే పొయ్యి లెక్క ఉన్నది,
దాన్ని నేనూ వైశాలీ వంటింట్లకు ఈడ్చినం.
రెక్కల కాడ చల్లగనే వస్తది గాలి,
మంచం దాక రాంగనే
చివరి మడికి అందని కాలువ.

బల్లార్షా నుంచి ఒక పిలగాడు వచ్చి
చెయ్యి పెట్టి చూడకుంటనే
గ్యాస్ అయిపోయింది, మూడు వేలు అన్నడు.
చిల్లి లేంది ఎటు పోయిందిరా, తాగినవా అన్న.
చాయ్ తాగి పోయిండు.

మెష్రామ్ వేరే.
బండి స్టాండు వెయ్యంగనే ఇంట్లకు రాలే,
నేరుగ ఇంటెనుకకు పోయిండు.
లోపల కాదు తాయీ, రోగం బయట, అన్నడు.
ఇంట్ల వేడిని మోసుకొచ్చి ఇక్కడ పారబోసుడే దీని పని.
ముక్కు మూసుకపోతే ఏడ పారబోస్తది?

రేకు ఊడదీస్తే
సన్నటి పండ్ల దువ్వెన, సందు సందున నలుపు.
సైడింగ్ మీది బొగ్గు
మూడు ఎండాకాలాల నుంచి పొర మీద పొర.
పైపు పెట్టి లోపలి దిక్కు నుంచి మెల్లగ కొట్టిండు.
మొదలు తారు కారింది,
ఆ వెనక చాయ్ డికాషన్,
ఆ వెనక కుడితి.

ఆ నీళ్ళు నాకు ఎరికే.
ఆయన బనీను పిండితే
బకెట్ల రోజూ దిగేది అవే.
బొగ్గు ఒక దిక్కు నుంచి కరెంటై తీగల వెంట వస్తది,
ఒక దిక్కు నుంచి దుమ్మై గాలి వెంట వస్తది.
ఒకటి మిషన్‌ను తిప్పుతది,
ఒకటి దాని గొంతు పిసుకుతది.
లోపలి నుంచి దగ్గు వినబడ్డది.
మెష్రామ్ పైపు కట్టేసి, పోషం భావుకు ఎన్ని దినాలాయె అన్నడు.
మిషన్ సంగతి అడుగు, అన్న.

నాలుగు వందలు తీసుకున్నడు.
స్లాబు మీద తెల్ల సున్నం కొట్టుమన్నడు.
ఇరవై ఆరు మీద పెట్టు,
పదహారు అంటే జల్ది చల్లబడదు తాయీ,
ఊరికె ఆరాటపడ్తది అన్నడు.

మధ్యాహ్నం రెండున్నరకు గనిల బ్లాస్టింగ్.
గిన్నెలు గలగలమన్నయి,
ఆయన కదలలే.
మూడు దాటినంక
బయట టక్కున చప్పుడై
రొద ఆగింది.
ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేచి కూసున్నడు,
కరెంటు పోయిందా?
పోలే. చల్లబడ్డది, అందుకే ఆగింది.
ఇదీ ఆగుతదా, అన్నడు,
గోడ దిక్కు తిరిగి పన్నడు.

క్యాలెండర్ తీసిన.
పదిహేను రోజులకొకసారి, బయటి మిషన్‌కు నీళ్ళు
అని పెన్నుతోని రాసిన.
బుధవారం గడిల, ఆయనకు ఎక్స్‌రే
అని రాసిన.
అది పెన్సిల్‌తోని.